కోడిపిల్లల జబ్బులు: మందుకు ముందు మూడు ప్రశ్నలు

మాకు వచ్చు ఉత్తరములలో తరచుగా కనిపించు వాక్యమొకటి కలదు: "మా కోడిపిల్లలు కునికిపాట్లు పడుచున్నవి. ఏదైన మంచి మందు చెప్పవలెను." వ్రాసినవారి పేరుండును, ఊరుండును. పిల్లలు పుట్టి ఎన్ని దినములైనదో ఉండదు. రెట్ట ఏ రంగులో పడుచున్నదో ఉండదు. అవి పడుకొను నేల పొడిగా ఉన్నదో, తడిగా ఉన్నదో అంతకన్న ఉండదు. ఈ మూడును తెలియక మందు చెప్పుట చీకటిలో రాయి విసరుట వంటిది.

ఉత్తరము వ్రాసినవారిని తప్పుపట్టుటకు ఈ మాట అనుట లేదు. మేమును ఒకప్పుడు అట్లే చేసితిమి. దాని ఫలమును గూడ అనుభవించితిమి. ఆ సంగతి చెప్పియే విషయములోనికి పోవుదుము.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెరటిలో ఒక నాటు పెట్ట పొదిగి పదకొండు పిల్లలను చేసినది. శ్రావణ మాసపు ముసురు. చూరునీరు చిమ్మి గూటిలోని ఊక తడిసినది. ఆరిన తరువాత మార్చవచ్చునని ఊరకుంటిమి. పిల్లలకు మూడు వారములు నిండునప్పటికి రెండు మూడు పిల్లలు రెక్కలు వ్రేలవేసి, కన్నులు మూసి, ఒక మూలకు చేరినవి. రెట్టలో ఎఱుపు కనబడినది. ఇంటిలో ఎవరికో జ్వరము వచ్చినప్పుడు తెచ్చి మిగిలిన మాత్రలుండగా, వానిని నూరి నీటిలో కలిపి పోసితిమి. జబ్బు జబ్బే గదా, మందు మందే గదా అనుకొంటిమి. మూడవనాటికి ఏడు పిల్లలు పోయినవి.

వీధిలో గేదెకు వైద్యము చేయుటకు వచ్చిన పశువైద్యశాల ఉద్యోగి ఒకరు మా పిలుపు విని లోనికి వచ్చిరి. వారు పిల్లలను చూచుటకు ముందు గూటిలో చేయి పెట్టి పిడికెడు ఊక తీసి గట్టిగా పిండిరి. వ్రేళ్ళ సందులనుండి నీరు కారినది. "పిల్లల వయస్సెంత?" అని అడిగిరి. "మూడు వారములు" అంటిమి. "రెట్ట?" "ఎఱ్ఱగా పడుచున్నది." "ఇక అడుగవలసినది ఏమియు లేదు" అని ఆయన చేయి కడుగుకొనిరి. మిగిలిన నాలుగింటిలో మూడు ఆయన చెప్పిన వైద్యముతో నిలిచినవి.

వయస్సు, రెట్ట, నేల. మందుకు ముందు అడుగవలసిన మూడు ప్రశ్నలు ఇవియే. కోడిపిల్ల తనకేమి బాధయో చెప్పలేదు. ఏ జబ్బు పడినను అది రెక్కలు వ్రేలవేయును, కన్నులు మూయును, మేత మానును. ఈ లక్షణములు జబ్బున్నదని మాత్రమే చెప్పును; ఏ జబ్బో చెప్పవు. ఏ జబ్బో చెప్పునవి ఆ మూడు ప్రశ్నలు.

అయితే జవాబులు వెదకుటకు ముందు, ఏ జబ్బైనను మొదటి గడియలో చేయవలసిన పనులు నాలుగు కలవు. జబ్బు పడినదానిని తక్కిన వానినుండి వేరుచేయవలెను. ఒక చిల్లుల అట్టపెట్టె చాలును. దానికి వెచ్చదనము కల్పింపవలెను. ముక్కును మెల్లగా నీటిలో ముంచి, త్రాగునట్లు చేయవలెను. ఆ నీటిలో కొంచెము పంచదార గాని, బెల్లము గాని కలుపవచ్చును. మిగిలిన పిల్లల క్రింద తడిసిన ఊకను తీసివేసి పొడి ఊక పరువవలెను. ఈ నాలుగింటికిని ఖర్చు లేదు, వైద్యుని రాకకై కాచుకొని ఉండనక్కర లేదు. వీనివలననే కోలుకొను పిల్లలు కూడ కొన్ని ఉండును.

ఇప్పుడు వయస్సు ప్రశ్న. పుట్టినది మొదలు పది దినముల లోపల పిల్లలు పోవుచున్నచో మొదట అనుమానింపవలసినది చలిని. కోడిపిల్ల తన ఒంటి వెచ్చదనమును తానే నిలుపుకొనుటకు రెండు మూడు వారములు పట్టును. అందాక తల్లి రెక్కలే దానికి ఇల్లు. తల్లి ఉన్న పిల్లకు ఈ చింత తక్కువ. సంతలలోను, బడుల ముందరను గంపలతో అమ్మకమునకు వచ్చు గులాబి రంగు, ఆకుపచ్చ రంగు పిల్లలను పిల్లలు మారాముచేసి కొనిపించుకొందురు గదా, చిక్కెల్ల వానితోనే. అవి చాల భాగము గ్రుడ్ల కోళ్ళ పరిశ్రమకు అక్కరకు రాని పుంజు పిల్లలు. తల్లిని ఎఱుగవు. వానిని ఇంటికి తెచ్చి, ముద్దుచేసి, రాత్రి వసారాలో బుట్ట క్రింద మూసిన యెడల తెల్లవారునప్పటికి సగము చల్లబడియుండును. అది జబ్బు కాదు, చలి.

మొదటి వారము పిల్లలున్న చోట సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వెచ్చదనము ఉండవలెను. తరువాత వారమునకు మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకొనుచు పోవచ్చును. వేడినిచ్చు పాతకాలపు విద్యుద్దీపమును పెట్టెకు ఒక ప్రక్కగా, పిల్లలకు అందనంత ఎత్తున వ్రేలాడగట్టిన చాలును, నేటి ఎల్.ఇ.డి. దీపము వెలుగే ఇచ్చును గాని ఈ పనికి తగిన వేడి నీయదు. ఉష్ణమాపకము లేదని చింతింపనక్కర లేదు. పిల్లల నడవడియే ఉష్ణమాపకము. అవి దీపము క్రింద ఒకదానిపై ఒకటి ఎక్కి గుంపుగూడి అరచుచున్నచో చలి. దీపమునకు దూరముగా పోయి నోరు తెఱచి వగర్చుచున్నచో వేడి మించినది. అంతటను పరచుకొని మేయుచు, నిద్రించుచు ఉన్నచో సరిపోయినది.

చలి సోకిన పిల్లకు ఆసనము చుట్టు రెట్ట అంటుకొని గట్టిపడి దారి మూసికొనును. దానిని బలిమిని పెరుకరాదు. చర్మము ఊడి రక్తము కారును, తక్కిన పిల్లలు ఆ ఎఱుపును చూచి పొడుచును. గోరువెచ్చని నీటిలో తడిపిన గుడ్డతో నానబెట్టి మెల్లగా తీసి, ఆరబెట్టి, చుక్క కొబ్బరినూనె రాయవలెను.

ఇదే వయస్సున, ఇదే విధముగా తెల్లని సున్నమువంటి రెట్ట అంటుకొని, పిల్లలు ఒకటొకటిగా కాక వరుసగా రాలుచున్న యెడల అది తెల్లపారుడు వ్యాధి కావచ్చును. రెండవ, మూడవ వారములలో చావులు ముమ్మరమగును. సాల్మొనెల్లా జాతికి చెందిన సూక్ష్మజీవి దీనికి కారణము. తల్లి కడుపులో దాగి, గ్రుడ్డుగుండ పిల్లకు సంక్రమించుట దీని ప్రత్యేకత. కావున పొదిగినచోటనే జబ్బు పుట్టును. వైద్యుడు చూచి ఇచ్చు మందులచేత చావులు తగ్గును. కాని బ్రతికిన పిల్ల పైకి ఆరోగ్యముగా కనిపించుచు లోపల సూక్ష్మజీవిని మోయుచుండును; అది పెరిగి పెట్టయైన పిమ్మట దాని గ్రుడ్లు పొదుగుటకు వాడరాదు. వాడిన యెడల ఈ సంవత్సరము మాన్పిన జబ్బును వచ్చు సంవత్సరము మనమే పొదిగించుకొన్నట్లు.

మూడు మొదలు ఆరు వారముల వయస్సున రెట్ట ఎఱుపెక్కినచో, మా పెరటికి వచ్చిన రక్తపారుడు వ్యాధినే తలచుకొనవలెను. వైద్యులు దీనిని కాక్సిడియోసిస్ అందురు. కంటికి కనరాని ఒక పరాన్నజీవి పేగు గోడలలో పెరిగి వానిని చీల్చును. జబ్బు పడిన పిల్ల రెట్టలో ఈ జీవి గ్రుడ్లవంటి రూపమున వెలువడును. వెలువడిన క్షణమున అది హాని చేయలేదు. నేలమీద వెచ్చదనమును, తడియును దొరికిన యెడల ఒకటి రెండు దినములలో పక్వమై, మరల మేతతో మరియొక పిల్ల కడుపులో చేరుటకు సిద్ధమగును. పొడినేల దొరికినచో ఎదుగక ఎండిపోవును. నేల తడిసిన కాలముననే ఈ జబ్బు ఎందుకు చెలరేగునో దీనినిబట్టి తెలియును. మామూలుగా వాడు క్రిమినాశక ద్రవములు ఈ జీవిని చంపలేవు. పొడితనము, సలసల కాగిన నీరు చంపగలవు. గూటిని కాగిన నీటితో కడిగి ఎండబెట్టుట మందు పోసినంత పని చేయును.

దీనికి మంచి మందు కలదు. ఆంప్రోలియము అను పొడి పశువుల మందుల దుకాణములలో దొరకును. పరాన్నజీవికి బి1 విటమిను అవసరము. ఈ మందు ఆ విటమినును పోలియుండి, దాని చోటును ఆక్రమించి, జీవిని పస్తుపెట్టును. ఈ సూక్ష్మము తెలిసినచో ఒక పొరపాటు తప్పును. పిల్లలు నీరసించినవని ఆ దినములలోనే బి విటమినుల టానిక్కు కూడ పోయువారు కలరు. అట్లు పోసిన యెడల ఒక చేతితో పస్తుపెట్టి, రెండవ చేతితో అన్నము పెట్టినట్లగును. టానిక్కు మందు ముగిసిన తరువాతనే పోయవలెను. నూటికి 20 పాళ్ళ బలము గల పొడి అయినచో, జబ్బు తీవ్రముగా ఉన్నప్పుడు లీటరు నీటికి 1.2 గ్రాముల చొప్పున అయిదు దినములును, పిదప అందులో నాలుగవ వంతు చొప్పున ఒకటి రెండు వారములును ఇయ్యవలెను. పొట్లముపై వేరు కొలత ముద్రించియున్నచో, వైద్యుడు వేరుగా చెప్పినచో దానినే పాటింపవలెను. ఏ దినమునకు ఆ దినము క్రొత్తగా కలుపవలెను. ఆ నీరు తప్ప వేరు నీరు పిల్లలకు అందరాదు. వర్షపు గుంటలో నీరు త్రాగు పిల్లకు మూకుటిలో మందు పోసి ప్రయోజనము లేదు.

మేము పోసిన జ్వరపు మాత్ర ఆ పరాన్నజీవిని తాకలేదు. అది సూక్ష్మజీవులపై పనిచేయు మందు; ఈ జీవి వేరు జాతిది. తగని మందు ఊరక పనిచేయకుండుటతో పోదు. కొంచెము కొంచెముగా అలవాటు పడి సూక్ష్మజీవులు మందులకు లొంగకుండ పోవుచున్నవి. రేపు మన బిడ్డలకు అవసరమైనప్పుడు ఆ మందు పనిచేయకపోవచ్చును. ఈ భయము చేతనే మనుష్యులకు చివరి ఆధారముగా దాచుకొనిన కొలిస్టిన్ అను మందును ఆహారమునకు పెంచు జంతువులకు, కోళ్ళకు వాడరాదని భారత ప్రభుత్వము 2019లో నిషేధించినది.

ఇదే మూడు నుండి ఆరు వారముల నడుమ ఎఱుపు లేక, తెల్లని నీళ్ళ రెట్ట వేయుచు, వణకుచు పిల్లలు ఒక్కసారిగా జబ్బుపడినచో గంబోరో వ్యాధిని అనుమానింపవలెను. 1962లో అమెరికాలోని గంబోరో ప్రాంతమున వర్ణింపబడుటచే దీనికి ఆ పేరు వచ్చినది. ఇది విషక్రిమి వలన, అనగా వైరసు వలన కలుగునది. వైరసును చంపు మందు మన యొద్ద లేదు. పిల్లలను వెచ్చగా ఉంచి, నీరు పోసి నిలుపుకొనుటయే వైద్యము.

జబ్బువలెనే కనిపించునది మరియొకటి కలదు. అది మేతలోని కొరత. పిల్ల కన్నులు చురుకుగానే ఉండును, మేత తినవలెనని ఆశపడును, కాని కాలివ్రేళ్ళు లోపలికి ముడుచుకొని మడమలమీద కూలబడి నడచును. ఇది చాలవరకు బి2 విటమిను తక్కువగుటవలన కలుగును. నూకలు మాత్రమే చల్లి పెంచు ఇండ్లలో, బయట మేయు వీలులేని పిల్లలలో ఇది కనిపించును. ఆరంభముననే విటమిను ఇచ్చినచో కుదురును. ఆలసించినచో వంకర నిలిచిపోవును. మన పెద్దలు పిల్లలకు పుట్టలోని చెదలను తెచ్చి వేయుట వట్టి వేడుక కాదు. ఎదుగు పిల్లకు మాంసకృత్తులు కావలెనని వారు అనుభవముచే ఎఱిగియుండిరి.

ఇక వయస్సుతో పనిలేక చిన్న పెద్ద అన్నిటిని ఊడ్చుకొనిపోవు తెగులు ఒకటి కలదు. పల్లెలలో దానిని కొక్కెర తెగులు అందురు. 1926లో ఇంగ్లండు నందలి న్యూకాసిల్ నగర ప్రాంతమున దీనిని గుర్తించి వర్ణించిరి. కొలది కాలమునకే మన దేశమున హిమాలయములలోని రాణిఖేత్ అను ఊర కనుగొనుటచే మన వైద్యులు రాణిఖేత్ వ్యాధి అనిరి. నోరు తెఱచి ఎగశ్వాస తీయుట, ఆకుపచ్చని రెట్ట, కాలు రెక్క పడిపోవుట, మెడ మెలికపడుట దీని గుర్తులు. ఇది వచ్చిన తరువాత మందు లేదు. ఎవరైన ఉన్నదని చెప్పి అమ్మినను కొనవలదు. దీనికి ఉన్నది ముందుజాగ్రత్త ఒక్కటే: టీకా.

పిల్లకు 5 నుండి 7 దినముల వయస్సున కంటిలో గాని ముక్కులో గాని లసోటా టీకా ఒక చుక్క వేయుదురు. రెండవ వారము గంబోరో టీకా, నాలుగవ వారమున లసోటా మరియొక మారు, ఆరు ఏడు వారములకు మశూచి టీకా, ఎనిమిదవ వారమున కొక్కెర తెగులునకు ఆర్.టు.బి. అను సూదిమందు. ఆయా ప్రాంతముల తెగుళ్ళనుబట్టి వైద్యుడు ఈ దినములను కొంత మార్చవచ్చును. జబ్బుపడియున్న పిల్లకు టీకా వేయరాదు.

ఇంత తెలిసియు పెరటి కోళ్ళకు టీకా ఎందుకు పడుట లేదు? నిర్లక్ష్యమే కారణమని పలువురు అందురు. మాకు తోచిన కారణము వేరు. టీకా సీసా ఒకటికి నూరు పిల్లలకో, అంతకు మించియో సరిపోవునట్లు వచ్చును. మంచులో పెట్టి తేవలెను, ఒకసారి కలిపిన పిమ్మట ఒకటి రెండు గంటలలో వేసి ముగింపవలెను, మిగిలినది పారవేయవలెను. ఎనిమిది పిల్లలున్న ఇల్లాలు నూరు పిల్లల సీసా ఎట్లు తెప్పించును? వీధిలోని పది పన్నెండు ఇండ్లవారు కూడి ఒక ఉదయము నిర్ణయించుకొని, పశువైద్యశాలవారికి ముందుగా చెప్పి, కోళ్ళను విడువక ముందే గంపలలో మూసియుంచినచో ఒక్క సీసాతో వీధియంతయు ముగియును. ఈ పని ఏ ఒక్క ఇంటివలనను కాదు. వీధి కలసినచో గంట పని.

తెగులు వచ్చిన తరువాత కూడ వీధి కలసి నడవవలసినదే. కోళ్ళు కునుకుట చూడగానే చావకముందే అమ్మివేయుదమని ఆ వారపు సంతకు గంప ఎత్తువారు కలరు. వారి కష్టము మేమెఱుగుదుము. పెరటి కోళ్ళ రాబడి ఇల్లాలి చేతి డబ్బు. బడి పుస్తకములకు, పండుగ ఖర్చునకు ఆమె ఎవరిని అడుగక తీయు డబ్బు. అయినను ఆ గంపతో తెగులు పది ఊళ్ళకు పోవును. పది మంది ఇల్లాండ్ర చేతి డబ్బు పోవును. జబ్బు కోడిని అమ్మరాదు, తినరాదు, చుట్టములకు పంపరాదు. చచ్చినదానిని లోతుగా గోయి త్రవ్వి, సున్నము చల్లి పూడ్చవలెను. కాలువలోనో, పెంటకుప్పపైననో వేయరాదు. తరువాత సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. ఒక్క రాత్రిలో కారణము తెలియక అనేకము చచ్చినచో వట్టి చేతులతో తాకక పశువైద్యశాలకు కబురంపవలెను. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మన దేశమున మొదటిసారి గుర్తింపబడిన బర్డ్ ఫ్లూ 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలో కూడ కనబడినది. దాచుటవలన మేలు కలుగదు.

దాచిన సంగతి మాదియు ఒకటి చెప్పవలసియున్నది. ఆ శ్రావణమున చచ్చిన ఏడు పిల్లలను, గూటిలోని తడి ఊకను మేము ప్రహరీ ఆవలి పెంటకుప్పపై వేసితిమి. ప్రక్కయింటి అవ్వ పెట్ట తన పిల్లలతో ఆ కుప్పనే గీరుకొని మేయును. వారము దాటినదో లేదో, అవ్వ పిల్లలు కూడ ఎఱ్ఱగా రెట్ట వేయసాగినవి. కారణము మాకు తెలిసియుండెను, సిగ్గుచే చెప్పలేదు. ఆమె ఎనిమిది పిల్లలలో రెండు మిగిలినవి. మరుసటి సంవత్సరము ఆమెతో ఆ మాట చెప్పితిమి. ఆమె కోపగించుకొనలేదు. "ఆనాడే చెప్పుంటే గంప కింద మూసి పెట్టుకొందును గదా, బాబూ" అని మాత్రము అనినది.

ఆ మాట విన్న తరువాత మా వీధిలో టీకా దినము మొదలైనది. మొదటిసారి వచ్చినవి ఆరు ఇండ్ల గంపలు. అందులో అవ్వ గంప ఒకటి. ఆ యేడు మా పెట్ట పది పిల్లలను చేసినది. ఒకదానిని గద్ద తన్నుకొనిపోయినది. తొమ్మిది పెరిగి పెద్దవైనవి.

కావున ఇకముందు మాకు వ్రాయునప్పుడు మందు అడుగుటకు ముందు ఈ మూడు ముక్కలు వ్రాయుడు: పిల్లల వయస్సెంత, రెట్ట ఎట్లున్నది, నేల ఎట్లున్నది. పశువైద్యుని యొద్దకు పోవునప్పుడును ఈ మూడు జవాబులతో పొండు. నాలుగవ మాట మాకు వ్రాయనక్కర లేదు, ప్రక్కయింటివారికి చెప్పుడు.